ఎడారి సినిమా, బొగ్గుబాయి ప్రేక్షకులు

పాత సినిమా పోస్టర్లు, పాటల పుస్తకాలు కూడబెట్టేవాళ్లలో ఎక్కువమంది ఎన్టీఆర్, ఏఎన్నార్ల వెంటపడతారు. 1972లో వచ్చిన ‘పాపం పసివాడు’ కోసం తిరిగేవాళ్లు కొద్దిమందే. దొరికితే మాత్రం బేరమాడరు.

ఈ సినిమాలో విమానం నడుపుతున్న మనిషికి గుండె ఆగుతుంది. విమానం ఎడారిలో కూలుతుంది. జబ్బుపడ్డ పిల్లాడు, అతని కుక్క మిగులుతారు. అక్కడి నుంచి అంతా దాహం, నడక, ఇటు కన్నవాళ్ల వెతుకులాట. వి. రామచంద్రరావు దర్శకుడు, సత్యం సంగీతం. ఎస్వీ రంగారావు, దేవిక ఉన్నా సినిమాను మోసింది మాస్టర్ రామే. హీరో లేని సినిమా కనుక దాని కాగితాలను దాచుకోవడానికి అభిమాన సంఘమూ లేదు. అరుదైపోవడానికి నాకు తోచే కారణం అదే. ఈ సినిమాకు మూలం దక్షిణాఫ్రికాలో జేమీ యూయిస్ తీసిన ‘డర్కీ’. కలహారి ఎడారిలో తప్పిపోయే పిల్లాడిగా ఆయన కన్నకొడుకే నటించాడు. తర్వాత ‘ది గాడ్స్ మస్ట్ బి క్రేజీ’తో లోకమంతా పేరు తెచ్చుకున్నది ఈ యూయిసే. సేకర్తలకు ఇలాంటి చుట్టరికాలంటే మహా ఇష్టం.

ఆనాటి పాటల పుస్తకాలు కథను సగం చెప్పి, మిగతాది వెండితెరపై చూడమనేవి. ఇలాంటి సినిమాకు ఆ ఊరింపు భలే సరిపోతుంది: పిల్లాడు బతికాడా లేదా?

ఆ ప్రశ్నకు బొగ్గుబాయిల ఊరైన మా బెల్లంపల్లిలో వేరే బరువుంది. బాయి దిగిన మనిషి షిఫ్టు దాటినా ఇంటికి రాకపోతే ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2003లో గోదావరిఖనిలో గనిలోకి నీళ్లు చొరబడి 17 మంది చనిపోయారు. ఆ ఎదురుచూపు ఎరిగినవాళ్లకు ఎడారి పరాయిది కాదు.

ఫిల్ము సంగతికొస్తే, ఆ కాలపు అసిటేట్ రీళ్లు చెడితే పులిసిన వెనిగర్ వాసన కొడతాయి. వాటిని కాపాడటం పుణేలోని ఫిల్మ్ ఆర్కైవ్ లాంటి చోట్లే సాధ్యం. కాగితం మన చేతిలో పని. రిటైరయ్యాక బొగ్గు కంపెనీ క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు పాత కాగితాలు కిలోల లెక్కన తూకానికి పోతున్నాయి. అమ్మేముందు ఒకసారి తిరగెయ్యండి. ‘పాపం పసివాడు’ పాటల పుస్తకం కనబడితే ఫొటో తీసి మా కార్యాలయానికి పంపండి. అసలు ప్రతి మీ దగ్గరే ఉండనివ్వండి. అట్ట ఎటూ తీస్తారు. వెనక పేజీ ప్రకటనలు, ప్రెస్సు పేరు కూడా వదలొద్దు.