అక్షయ తృతీయ బిల్లులో తరుగు

వైశాఖ శుద్ధ తదియను అక్షయ తృతీయ అంటారు. క్షయం లేనిది అక్షయం. ఆ రోజు చేసినదాని ఫలం ఎన్నటికీ తరగదని నమ్మకం. సింహాచలంలో అప్పన్న నిజరూప దర్శనం, చందనోత్సవం ఆ రోజే. తొలి తీర్థంకరుడు ఋషభనాథుడు చెరకురసంతో ఉపవాసం విరమించిన రోజుగా జైనులూ దాన్ని పాటిస్తారు. పాత సంప్రదాయం ఈ తిథికి ముఖ్యంగా చెప్పింది దానం. నీళ్ల కుండ, మజ్జిగ, విసనకర్ర, గొడుగు: మండు వేసవిలో ఎదుటివాడికి అక్కరకొచ్చేవి. ఇవ్వవలసిన రోజు కాస్తా కొనవలసిన రోజైంది. మూడు నాలుగు దశాబ్దాల కిందట తెలుగు ఊళ్లలో ఈ తదియనాడు బంగారం కొట్ల ముందు బారులు తీరే అలవాటు లేదు. పత్రికల్లో, టీవీలో నగల వ్యాపారుల ప్రకటనలు పెరిగేకొద్దీ ఆచారమూ పెరిగింది. కనీసం ఒక గ్రామైనా కొనకపోతే ఏడాదంతా లోటేనన్న భయం దాని వెంటే వచ్చింది.

తిథి అంటే సూర్యచంద్రుల మధ్య కోణం. ఆ దూరం 24 డిగ్రీల నుంచి 36 డిగ్రీలకు పెరిగే వ్యవధే శుక్ల తదియ. బంగారం ధర దారి వేరు. దేశంలో అమ్ముడయ్యే కొత్త బంగారం దాదాపు అంతా దిగుమతే. కోలార్ గనులు 2001లోనే మూతపడ్డాయి. అందుకే ఇక్కడి ధరను నిర్ణయించేవి అంతర్జాతీయ మార్కెట్, డాలరుతో రూపాయి మారకం, దిగుమతి సుంకం. 2024 జులై బడ్జెట్‌లో సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించగానే ఇక్కడ ధర దిగింది. అంతకు రెండు నెలల ముందు, అక్షయ తృతీయకు కొన్నవారి బంగారమూ అందరి బంగారంతో పాటే దిగింది.

బిల్లు చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. 22 క్యారట్ల బంగారం గ్రాము 9,000 రూపాయలనుకుంటే 20 గ్రాముల గొలుసులో బంగారం విలువ 1,80,000. దాని మీద, నగ తయారీలో పోయిందనే పేరుతో, 12 శాతం తరుగు వేస్తే 21,600. ఈ మొత్తంపై 3 శాతం జీఎస్టీ 6,048. చెల్లించేది 2,07,648 రూపాయలు. మర్నాడు అదే గొలుసు అమ్మబోతే లెక్కకు వచ్చేది బంగారం విలువే, మహా అయితే 1,80,000. తరుగు, పన్ను తిరిగి రావు. పెట్టిన డబ్బు పెట్టినట్టు చేతికి రావాలంటేనే బంగారం ధర 15 శాతం పైన పెరగాలి. తరగనిదని కొన్న వస్తువు బిల్లులో ధర పక్కనే కనిపించే పేరు తరుగు. తెలుగు భాష ఇంత సూటిగా హెచ్చరించిన చోటు మరొకటి ఉండదు.

నమ్మకానికి తనలోనే ఒక చిక్కు ఉంది. ఆ రోజు లక్ష్మి ఇంటికి రావాలంటే మరొకరి ఇంటి నుంచి బయలుదేరాలి. ఆ రోజు అందరికంటే ఎక్కువ బంగారాన్ని బయటికి పంపేది నగల వర్తకుడు. నమ్మకమే నిజమైతే ముందుగా చితికిపోవలసింది అతనే.

బంగారం పెరగలేదా అన్న ప్రశ్న న్యాయమైనదే. పెరిగింది, బాగా పెరిగింది. 2018లో పది గ్రాముల మేలిమి బంగారం 31 వేల దరిదాపుల్లో ఉంటే 2025 ఏప్రిల్‌లో లక్ష రూపాయలను తాకింది. అయితే 2012 చివర్లోనూ అది 31 వేల దగ్గరే ఉంది. 2012కూ 2018కీ మధ్య అరడజను అక్షయ తృతీయలు వచ్చి వెళ్లాయి. ధర ఒక దశలో 26 వేల కిందికీ దిగి, తిరిగి మొదటికొచ్చింది. ఆ ఆరేళ్లు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి బ్యాంకులో వేసిన లక్ష, పన్ను సంగతి పక్కన పెడితే, లక్షా అరవై అయిదు వేలయింది. 2012లో మంచి రోజు చూసి కొన్నవారికీ 2018లో ఏ రోజూ చూడకుండా కొన్నవారికీ మధ్య తేడా తెచ్చింది కొన్న సంవత్సరమే. ఆడవారికి తమదంటూ మిగిలే ఆస్తిగా, ఆపదలో కుదువ పెట్టుకునే ఆధారంగా బంగారానికి విలువ ఉందన్నది నిజం. ఆ విలువ మంగళవారం కొన్నా పోదు.

అసలు నష్టం అమ్మే దగ్గర ఉంది. కొనడానికి ముహూర్తం ఉంది గానీ, బంగారం అమ్మడానికి మంచి రోజు చూసే ఇల్లు కనబడదు. అమ్మడమంటే ఇంటి లక్ష్మిని సాగనంపడమే. పదవీ విరమణ చేసినవారి కుటుంబానికి ఇది ఉరి. నెల జీతం ఆగిపోయాక కావలసింది నెలనెలా వచ్చే రాబడి. బంగారం వడ్డీ ఇవ్వదు, అద్దె తేదు. మందులకో ఆసుపత్రికో డబ్బు కావలసి వస్తే అమ్మడానికి చేతులాడక తాకట్టు పెడతారు. సొంత బంగారం మీద పరాయివాడికి వడ్డీ కడతారు.

పదవీ విరమణలో వచ్చిన పైకాన్ని మదుపు చేయడంలోనూ పంచాంగం అడ్డుపడుతుంది. ఆషాఢమనీ మూఢమనీ డబ్బును పొదుపు ఖాతాలోనే ఉంచేసే ఇళ్లున్నాయి. వృద్ధుల పొదుపు పథకంలో పరిమితి 2023 ఏప్రిల్ నుంచి 30 లక్షలు. అప్పుడు నిర్ణయించిన వడ్డీ 8.2 శాతం. ఆ లెక్కన 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500 రూపాయలు, అంటే నెలకు 20,500. అదే సొమ్ము పొదుపు ఖాతాలో మూడు శాతానికి పడి ఉంటే నెలకు 7,500. ఒక్క నెల శూన్యమాసానికి మూల్యం 13 వేలు. పెళ్లి వాయిదా పడితే ఖర్చు వాయిదా పడుతుంది, డిపాజిట్ వాయిదా పడితే ఆ నెల వడ్డీ మళ్లీ రాదు.

మళ్లీ బంగారం దగ్గరికి వస్తే, 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ తప్పనిసరైన చోట్ల అమ్మే నగ మీద మూడు గుర్తులుండాలి: బీఐఎస్ ముద్ర, స్వచ్ఛత, ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య. పాత నగను మార్చబోయినప్పుడు వర్తకుడు చూసేవి స్వచ్ఛత, బరువు, ఆనాటి ధర. ఏ తిథినాడు కొన్నారని ఎవరూ అడగరు.