మబ్బును చూసి ముంత ఒలకబోస్తే

మా క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టు 2008 జూలైలో, ముందు ఏడాదే సై యంగ్ అవార్డు పొందిన పిచ్చరు సబాతియాను మిల్వాకీకి ఇచ్చేసింది. మరుసటి జూలైలో, 2008 అవార్డు తెచ్చిన క్లిఫ్ లీని ఫిలడెల్ఫియాకు పంపింది. బదులుగా వచ్చినవాళ్ళు ఇంకా పేరు రాని కుర్రాళ్ళు. మా వాడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. 2009 వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో న్యూయార్క్‌కు సబాతియా, ఫిలడెల్ఫియాకు లీ! ఇంటిల్లిపాదీ గుడ్లప్పగించి చూశాం.

లెక్క తప్పని అనలేను. కాంట్రాక్టు ముగిస్తే ఎలాగూ వెళ్ళిపోతారు. ధనిక జట్లతో సమానంగా జీతాలివ్వడం మనవల్ల కాదు. 2002లో కొలోన్‌ను ఇచ్చి తెచ్చుకున్న కుర్రాళ్ళలో ఈ లీ ఒకడు కదా! అయితే పూతంతా కాయ కాదు. సబాతియాకు బదులు వచ్చినవాళ్ళలో అందరూ ఆశపెట్టుకున్న లాపోర్టా నిలదొక్కుకోలేదు. చివర్లో చేరిన బ్రాంట్లీ 2014లో ఆల్‌స్టార్ అయ్యాడు.

ఓపిక పట్టడానికి అభిమానులు సిద్ధమే. కాని పసివాడు చొక్కా మీద పేరు చూసి జట్టును ప్రేమిస్తాడు. అందుకైనా ఒక్కణ్ణి ఉంచుకోవాలి.

2022లో హోసే రామిరెజ్‌తో దీర్ఘకాలపు ఒప్పందం కుదిరిన రోజున కాలేజీ నుంచి మా వాడి ఫోన్: "నాన్నా, ఇతని చొక్కా ధైర్యంగా కొనుక్కోవచ్చు!"