‘అనువైన భూమి’ ఎవరికి అనువు?



పట్నం పెరిగేటప్పుడు ఆఫీసర్లు ఒక పటం గీస్తారు. ఏ భూమి ‘అనువైనది’, ఏది కాదు అని రంగులు దిద్దుతారు. నేల వాలు చూస్తారు, రోడ్డు దూరం కొలుస్తారు, ముంపు లెక్కేస్తారు. మంచిదే. కానీ ఆ నేలను దున్నుకొని బతికేటోళ్లకు ఆ పటంలో ఏ రంగు ఉంది?

విశాఖపట్నం చూడండి. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొండలు. పట్నం పెరగాలంటే చుట్టూ ఊళ్లమీద పడాల్సిందే. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 72 తెచ్చింది. పేదల ఇళ్ల స్థలాల కోసం పది మండలాల్లో 6,116 ఎకరాలు సమీకరిస్తామన్నది. అందులో అసైన్డు భూములున్నయి. అసైన్డు రైతుకు ఎకరానికి 900 గజాల ప్లాటు అన్నరు. ఎకరమంటే 4,840 గజాలు! పేదోడికి ఇల్లు వద్దని ఎవరంటరు? కానీ ఒక పేదోడి నోటికాడి కూడు గుంజి ఇంకో పేదోడికి పెట్టుడు ఏం న్యాయం?

మర్మం ఇక్కడుంది. మన భూమి పెద్దోళ్ల పాలు కాకుండా 1977 చట్టం అసైన్డు భూమి అమ్మకాన్ని నిషేధించింది. అమ్మరాదు కాబట్టి ధర లేదంటరు. ధర లేదు కాబట్టి ‘అనువైనది’ అంటరు. మనకు కంచెగా వేసిన చట్టాన్నే మన మెడకు ఉరి చేస్తున్నరు.

విశాఖ ముచ్చట మనకెందుకంటారా? సూర్యాపేట 2016లో జిల్లా కేంద్రమైంది. సూర్యాపేట, కోదాడ హైదరాబాద్–విజయవాడ రహదారి మీదున్నయి. మిర్యాలగూడ మీదుగా అద్దంకి రోడ్డు పోతున్నది. రోడ్డు పక్క చెలక ఒకప్పుడు ఎవరికీ పట్టలేదు, అందుకే మనకిచ్చిండ్రు. ఇప్పుడు అదే బంగారమైంది!

చట్టం మన దిక్కే ఉంది. అసైన్డు భూమి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పరిహారమియ్యాలని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. 2013 భూసేకరణ చట్టం అసైన్డుదారును భూయజమానిగానే లెక్కగట్టింది. అందుకే లావుణి పట్టా, పాత పహాణీల నకళ్లు భద్రం చేసుకోండి. తెల్ల కాగితం మీద వేలిముద్ర వెయ్యకండి. మాస్టర్ ప్లాన్ ముసాయిదా వస్తే పటం వాడలోకి తెచ్చి చదివించుమని అడగండి, గడువులోగా అభ్యంతరం రాసియ్యండి. 2023 జనవరిలో కామారెడ్డి రైతులు రోడ్డెక్కితే మున్సిపాలిటీయే ముసాయిదాను వద్దని తీర్మానం చేసింది.

పట్నం పెరగొద్దని మనమంటలేం. మన బొందల మీద పెరగొద్దంటున్నం. మనల్ని అడగకుండ గీసిన పటం మనకు చెల్లదు!

జై భీమ్!