ఫోన్లు మూగబోతే.. షార్ట్‌వేవే దిక్కు!

రాజంపేట: 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించాయి. ఫోన్లు మూగబోయాయి. ఉత్తరాలు నిలిచిపోయాయి. ఉమ్మడి కడప, గోదావరి జిల్లాల నుంచి పొట్టచేత పట్టుకుని వెళ్లినవారు ఎక్కడ తలదాచుకున్నారో ఇక్కడివారికి తెలిసే మార్గం లేకపోయింది.

అలాంటి వేళ సరిహద్దులతో నిమిత్తం లేకుండా లోపలికి చేరింది షార్ట్‌వేవ్ రేడియో. బీబీసీ వరల్డ్ సర్వీస్ ‘గల్ఫ్ లింక్’ పేరిట ప్రత్యేక కార్యక్రమం ప్రారంభించింది. ఇరాక్ నిర్బంధంలో ఉన్న, కువైట్‌లో రహస్యంగా దాగిన బ్రిటిష్ పౌరులకు కుటుంబసభ్యుల సందేశాలను ప్రసారం చేసింది. యుద్ధ వార్తల కంటే ఇంటి కబురే వారికి పెద్ద ఊరట. అయితే ఇది ఒకవైపు మాటే. అవతలివారు విన్నారో లేదో పంపినవారికి తెలియదు. పైగా ఇరాక్ సైనికులూ వినగలరు. దాగిన చోటును పట్టిచ్చే మాట ఒక్కటి దొర్లినా ప్రాణాలకు ముప్పే. విదేశీయులను విడిచిపెడతామని డిసెంబరు 6న సద్దాం హుస్సేన్ ప్రకటించే వరకూ ఈ నిరీక్షణ తప్పలేదు.

మనవారి పరిస్థితి వేరు. ఇరాక్ భారతీయులను బందీలుగా పట్టుకోలేదు. కానీ చాలామందికి ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరితే తప్ప స్వదేశానికి దారి లేదు. అక్కడి నుంచే ప్రధానంగా సాగిన తరలింపులో ఎయిరిండియా 59 రోజుల్లో 488 సర్వీసులు నడిపి లక్ష మందికి పైగా తీసుకొచ్చింది. బస్సు ఎప్పుడు, ఏ కాగితం కావాలన్న సమాచారం అప్పుడు తిండితో సమానం. ఇంగ్లిషు, హిందీ రాని ఇంటి పనివారికి ఆ సంగతి తెలుగులో చెబితేనే ప్రయోజనం. ఆకాశవాణి విదేశీ విభాగం ఒకప్పుడు తెలుగులోనూ ప్రసారాలు చేసిన మాట చాలామందికి తెలియదు.

షార్ట్‌వేవ్ తరంగాలు పైనున్న అయనోస్ఫియర్ నుంచి తిరిగి నేలకు మళ్లి వేల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. సంక్షోభం ఉన్న దేశంలో టవరు, కేబులు అక్కర్లేదు. బ్యాటరీతో నడిచే చిన్న సెట్టు చాలు. గరగర శబ్దం, జామింగ్ బెడద ఉన్న మాట నిజమే. అందుకే ఒకే కార్యక్రమాన్ని పలు ఫ్రీక్వెన్సీల్లో ఇస్తారు.

కాలం చెల్లిందనుకున్న ఈ సాధనాన్ని 2022లో ఉక్రెయిన్ యుద్ధం మళ్లీ గుర్తుచేసింది. బీబీసీ అక్కడికి రోజుకు 4 గంటల ఇంగ్లిషు వార్తలను షార్ట్‌వేవ్‌లో పంపింది. 2023లో సూడాన్‌కు అరబిక్‌లో అత్యవసర ప్రసారాలు ఆరంభించింది. విచిత్రమేమిటంటే, హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలను 2020లో నిలిపివేసిందీ ఇదే సంస్థ. ఆకాశవాణి సైతం ఈ ప్రసారాలను బాగా కుదించుకుంది.

ఉక్రెయిన్‌లో బంకర్లలో చిక్కుకున్న తెలుగు వైద్య విద్యార్థులకు సెల్‌ఫోనే ఆధారమైంది. నెట్‌వర్క్ ఉన్నంతసేపే ఆ ధైర్యం. గల్ఫ్ విమానమెక్కే కూలీలకు రాయబార కార్యాలయం నంబరుతో పాటు, ఆ ఫోను పలకని రోజున ఏ వేళలో ఏ ఫ్రీక్వెన్సీ తిప్పాలో కూడా రాసివ్వాలి. అందుకు ముందుగా ఢిల్లీ ఒక తెలుగు ప్రసారాన్ని సిద్ధంగా ఉంచాలి.