మొదటి కొవ్వొత్తి ఎవరు వెలిగించాలి?



ఫిబ్రవరి 2న కొవ్వొత్తుల పండుగ ఆచరిద్దామంటే మనలో కొందరు వెంటనే అడ్డు తగులుతారు. అది కాథలిక్కుల ఆచారం, మనకెందుకు అంటారు. డిసెంబరు 24 రాత్రి లైట్లన్నీ ఆర్పి, చేతిలో కొవ్వొత్తి పట్టుకొని నిలబడినప్పుడు మాత్రం ఈ ప్రశ్న ఎవరికీ రాదు! లూథరన్, ఆంగ్లికన్ సంఘాల క్యాలెండర్లలోనూ ఈ దినం ఉంది.

అయితే ఆ అభ్యంతరంలో కొంత న్యాయం లేకపోలేదు. పూర్వం ఐరోపాలో, ఆ రోజు ఆశీర్వదించిన కొవ్వొత్తి ఇంట్లో ఉంటే పిడుగు పడదని, దయ్యం రాదని జనం నమ్మేవారు. 1548లో ఇంగ్లండు ప్రభుత్వం ఆ కొవ్వొత్తుల ఆచారాన్నే నిలిపివేసింది. మైనానికి మహిమ అంటగట్టడం మూఢనమ్మకమే, ఒప్పుకుంటాం. మరి మనలో మిగిలిన మూఢనమ్మకం మాటేమిటి?

లూకా సువార్త 2వ అధ్యాయం తెరవండి. బిడ్డ పుట్టిన నలభై దినాలకు మరియ యోసేపులు దేవాలయానికి వచ్చారు. లేవీయకాండము 12వ అధ్యాయం ప్రకారం గొఱ్ఱెపిల్లను తేవాలి. తేలేని పేదలకు రెండు పక్షులు చాలు. వీరు అర్పించింది పక్షులే. ముసలివాడైన సుమెయోను బిడ్డను ఎత్తుకొని, ఈయన అన్యజనులకు వెలుగని చెప్పాడు. ఆ మాట నుండే ఈ పండుగకు కొవ్వొత్తి వచ్చింది. ఆ గడియలోనే అన్న వచ్చింది. పెనిమిటితో ఏడేళ్లే కాపురం చేసిన విధవరాలు, పండు ముసలి. దేవుని స్తుతించి, ఆ శిశువును గూర్చి విమోచన కోసం కనిపెట్టుచున్న వారందరితో మాట్లాడింది. లూకా ఆమెను ప్రవక్త్రి అని రాశాడు. ఆమె ఎదురొచ్చిందని మరియ బిడ్డను పక్కకు తిప్పుకోలేదు.

ఇప్పుడు మన సంఘాలు చూడండి. పిల్లి ఎదురొస్తే ఆగం, రాహుకాలం చూడం అని సాక్ష్యం చెబుతాం. కానీ బిడ్డను ప్రతిష్ఠించే రోజున విధవరాలైన నాయనమ్మ చెప్పుల దగ్గర చాప మీద కూర్చుంటుంది. పెళ్లిలో మంగళసూత్రం పళ్లెం ఆమె దాకా రాదు. కొత్తింటి ప్రార్థనకు ఆమె చివర వస్తుంది, ముందు వెళ్లిపోతుంది. క్రిస్మస్ కొవ్వొత్తి వెలిగించడానికి ముఖ్య అతిథిని పిలుస్తాం, చందా ఎక్కువ ఇచ్చిన దంపతులను పిలుస్తాం. తెల్లవారకముందే లేచి సంఘం కోసం మోకరించే ఆ తల్లిని ఎన్నడైనా పిలిచామా? శకునం అనే పేరు తీసేసి పద్ధతి అని పేరు పెట్టుకున్నాం, అంతే.

"ఆమే వద్దంటుందండీ" అని పెద్దలు చెబుతారు. నిజమే, వద్దంటుంది. భర్త పోయిన నాటి నుండి ప్రతి శుభకార్యంలో పక్కకు జరగమని కళ్లతో చెప్పింది మనవాళ్లే గదా! ఒకసారి పిలిచి మొక్కుబడి తీర్చుకుంటే ఆమె రాదు. వారం ముందే ఇంటికి వెళ్లి అడగండి. కాదంటే మళ్లీ వెళ్లండి. ఫిబ్రవరి 2 సాయంకాలం ముందు వరుసలో ఆమెకు కుర్చీ వేయండి. చేతులు వణికితే పక్కన ఒక యౌవనస్థురాలిని నిలబెట్టండి, కొవ్వొత్తి మాత్రం ఆమె చేతిలోనే ఉండాలి.