108లో మన బిడ్డలు ఎక్కడానికి మెట్లేవి?

రైతు సంఘం పత్రికలో అంబులెన్సుల మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. తోతాపురి ధర, టమోటా ధర, పాల ధర, బోర్ల అప్పులు, మాట్లాడాల్సినవి మనకు చాలానే ఉన్నాయి. అయితే ధర పలికే రోజు దాకా రైతు బతికి ఉండాలి గదా. చేనులో మనిషి పడిపోతే మొదట వచ్చేది డాక్టరు కాదు. 108 బండిలో వచ్చే ఒక ఈఎంటీ, బండి నడిపే ఒక పైలట్. ఆ ఇద్దరిలో ఎక్కువమంది మన పల్లెల్లో పుట్టి, ఇంటరో డిగ్రీయో చదివిన రైతుబిడ్డలు, కూలిబిడ్డలు. వాళ్ళకు ఎలాంటి చదువు దొరుకుతోంది, ఆ ఉద్యోగంలో వాళ్ళు ఎక్కడిదాకా పోగలరు అనేది మన ప్రాణాల లెక్క, మన బిడ్డల బతుకు లెక్క కూడా.

ముందు మన ప్రాణాల సంగతి చూద్దాం. పట్నంలో ప్రమాదాలు వేరు, చేలో ప్రమాదాలు వేరు. రాత్రి కరెంటు వస్తే రాత్రే నీళ్ళు కట్టాలి. కట్లపాము కరిస్తే పెద్దగా నొప్పి ఉండదు, వాపు ఉండదు. కొన్ని గంటల్లో రెప్పలు వాలిపోయి శ్వాస ఆగిపోతుంది. రక్తపింజర కరిస్తే రక్తం గడ్డకట్టదు, కిడ్నీలు దెబ్బతింటాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ విరుగుడు మందు ఒకటే. బండిలో ఉన్నవాడు తాడు బిగించకుండా, గాటు పెట్టనీయకుండా, కాలో చెయ్యో కదలకుండా కట్టి, శ్వాస తగ్గితే బ్యాగుతో గాలి అందిస్తూ, మందూ వెంటిలేటరూ రెండూ ఉన్న ఆసుపత్రికే తీసుకుపోవాలి. దగ్గరుంది గదా అని ఏ ఆసుపత్రి గేటు దగ్గరో దింపితే అక్కడ నుంచి ఇంకో చోటికి పంపిస్తారు. ఆ లోపల మనిషి పోతాడు.

పురుగుమందు తాగినా, పిచికారీ చేస్తూ పీల్చినా చొంగ కారుతుంది, కనుపాప చిన్నదవుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది. మనవాళ్ళు ఉప్పునీళ్ళు తాగించి కక్కించాలని చూస్తారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. ఎడమ పక్కకు పడుకోబెట్టి, నోట్లోని చొంగ లాగి, ఆక్సిజన్ పెట్టడం తెలిసినవాడు కావాలి. స్టార్టరు దగ్గర షాక్ కొట్టి గుండె ఆగితే నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కాలి. మామిడిచెట్టు మీద నుంచి పడితే ఇద్దరు చేతులు, ఇద్దరు కాళ్ళు పట్టి ఎత్తకూడదు. వెన్నెముక తెగితే మిగిలిన బతుకంతా మంచమే. పలమనేరు, కుప్పం వైపు ఏనుగు తోసినప్పుడు పైకి గాయం కనపడకపోయినా లోపల రక్తం కారుతూ ఉండవచ్చు. 2017 ఏప్రిల్‌లో ఏర్పేడు పోలీస్ స్టేషన్ ముందర, ఇసుక తవ్వకాల మీద గోడు చెప్పుకోవడానికి వచ్చిన మునగలపాళెం రైతుల మీదికి లారీ దూసుకొచ్చింది. కొందరు లారీ కింద నలిగారు, కొందరు కరెంటు స్తంభం విరిగి షాక్‌తో పోయారు. అలాంటి చోట ఎవరిని ముందు చూడాలి, ఎవరిని ముందు బండి ఎక్కించాలి అని నిమిషాల్లో తేల్చడం చదువు, అనుభవం రెండూ కావాల్సిన పని.

ఇంత పని చేసేవాడికి మనం ఇస్తున్నదేమిటి? 108 సేవ మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. దేశంలో చాలా రాష్ట్రాలు మనల్ని చూసే ఈ పద్ధతి పెట్టుకున్నాయి. లైఫ్ సైన్సెస్‌లో డిగ్రీ, ఫార్మసీ, నర్సింగ్ చదివినవాళ్ళను తీసుకుని నెలన్నర, రెండు నెలల శిక్షణ ఇచ్చి బండి ఎక్కించారు. కష్టమైన కేసయితే ఫోనులో డాక్టరు సలహా చెబుతాడు. ఆరంభానికి అది మంచి ఏర్పాటే. ఆ బండ్ల వల్ల బతికినవాళ్ళు ప్రతి పల్లెలోనూ ఉన్నారు. కానీ ఇరవై ఏళ్ళయినా ఆ మొదటి మెట్టు మీదనే నిలబెట్టాము. పదిహేనేళ్ళు చేసినవాడూ ఈఎంటీనే, నిన్న చేరినవాడూ ఈఎంటీనే. బండిలో కాన్పులు చేసి, పాముకాట్లు చూసి, రోడ్డు ప్రమాదాలు చూసి నేర్చుకున్న విద్యకు కాగితం లేదు, పై చదువుకు దారి లేదు.

పైగా ఈ సేవ టెండరు సరుకు అయింది. మొదట ఈఎంఆర్ఐ, సత్యం కుంభకోణం తరువాత 2009లో దాన్ని జీవీకే తీసుకుంది, 2017 చివర బీవీజీ వచ్చింది, 2020లో అరబిందో వచ్చింది. టెండరు మారిన ప్రతిసారీ బండి మీద పేరు మారుతుంది. లోపల కూర్చున్న మనిషికి మాత్రం గ్రాట్యుటీ ఎవరిస్తారు, పాత సర్వీసు లెక్కకు వస్తుందా అనే బెంగ కొత్తగా మొదలవుతుంది. 2020 జూలై 1న కొత్త బండ్లు ప్రారంభించినప్పుడు, సర్వీసును బట్టి ఈఎంటీలకు 20 వేల నుంచి 30 వేలు, పైలట్లకు 18 వేల నుంచి 28 వేల దాకా జీతం అని ప్రభుత్వం ప్రకటించింది. సర్వీసును బట్టి జీతం అనడం న్యాయమే. కానీ యజమాని మారుతూ పోతే ఆ సర్వీసు లెక్క రాసి పెట్టే పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి? ప్రభుత్వం దగ్గరే ఉండాలని మనం అడగాలి.

ఇప్పుడు ఇంకో సంగతి వచ్చింది. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం చేసింది. ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టును అందులో ఒక వృత్తిగా గుర్తించింది. రాష్ట్రాల్లో కౌన్సిళ్ళు పెట్టి రిజిస్టరు నడపాలని చెప్పింది. ఇది మంచి చట్టం. ఆకు వైద్యుడికీ అసలు వైద్యుడికీ తేడా తెలియాలంటే రిజిస్టరు కావాల్సిందే. అయితే ఆ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తి అంటే కనీసం 2,000 గంటల చదువు. మన ఈఎంటీల రెండు నెలల శిక్షణ, రోజుకు ఎనిమిది గంటలు వేసినా, 500 గంటలు దాటదు. మరి పదేళ్ళుగా బండిలో ఉన్నవాడి గతేమిటి? కొత్తగా డిగ్రీ పట్టుకొచ్చినవాడు పైన కూర్చుంటే, పాతవాడు స్ట్రెచర్ మోసేవాడిగా మిగిలిపోవాలా?

ఇది ఉత్తుత్తి భయం కాదు. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలో 1967లో ఫ్రీడమ్ హౌస్ అనే అంబులెన్స్ సేవ మొదలైంది. పని లేని నల్లజాతి పేద యువకులను, హైస్కూలు కూడా పూర్తి చేయని చాలామందిని తీసుకుని, పీటర్ సఫార్ అనే డాక్టరు దగ్గర దగ్గర 300 గంటలు నేర్పించారు. ఇప్పుడు మనం చూసే అంబులెన్స్ వైద్యానికి ఆ దేశంలో బాట వేసింది వాళ్ళే. 1975లో నగరపాలక సంస్థ ఆ సేవను తన చేతుల్లోకి తీసుకుంది. కొత్త పరీక్షలు పెట్టింది, అనుభవం లేనివాళ్ళ కింద పని చేయమంది. పనిని నిలబెట్టినవాళ్ళలో చాలామంది బయటికి పోవాల్సి వచ్చింది. నియమం పేరుతో పేదవాడిని పక్కకు నెట్టడం ఎంత సులువో దాన్ని చూసి తెలుసుకోవచ్చు. ఇంకో దారి కూడా ఉంది. జర్మనీలో 2014 నుంచి ఈ వృత్తికి మూడేళ్ళ చదువు పెట్టారు. నేర్చుకునే మూడేళ్ళూ జీతం ఇస్తారు. అందువల్ల బిడ్డను చదివించడానికి తండ్రి పొలం కుదువ పెట్టాల్సిన పని లేదు.

మన తల్లిదండ్రులకూ ఒక మాట. పారామెడికల్ కోర్సు, ఉద్యోగం గ్యారంటీ అని ఊరూరా బోర్డులు కనపడుతుంటాయి. ఫీజు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ కోర్సుకు గుర్తింపు ఇచ్చింది ఏ బోర్డు, ఏ విశ్వవిద్యాలయం? బిడ్డ ఎన్ని గంటలు నిజమైన క్యాజువాలిటీలో, నిజమైన అంబులెన్సులో నేర్చుకుంటాడు? చదువు అయ్యాక పేరు ఏ రిజిస్టరులో ఎక్కుతుంది? మూడింటికీ కాగితం మీద జవాబు రాకపోతే ఆ గడప దిగిపోండి. 2021 జూన్‌లో కోవిడ్ సమయంలో కేంద్రం లక్షమందికి రెండు మూడు నెలల శిక్షణ అని ప్రకటించింది. అందులో ఎమర్జెన్సీ కేర్ కూడా ఒకటి. చిన్న కోర్సు తప్పు కాదు. దాని మీద రెండో మెట్టు కట్టకపోవడమే తప్పు.

సంఘం తరఫున మనం పెట్టాల్సిన డిమాండ్లు నా దృష్టిలో ఇవి:

ఒకటి, తిరుపతిలో స్విమ్స్, రుయా, ఎస్వీ మెడికల్ కాలేజీ ఒకే చోట ఉన్నాయి. రాయలసీమ దక్షిణ భాగానికంతా అక్కడే ప్రభుత్వ ఫీజుతో ఎమర్జెన్సీ వైద్య శిక్షణ కేంద్రం నడపాలి. పాముకాటు, పురుగుమందు, కరెంటు షాక్, ఏనుగు దాడి పాఠాల్లో ఉండాలి.

రెండు, ఇప్పటి ఈఎంటీల సర్వీసును చదువుగా లెక్కించి, జీతం కోత లేకుండా మిగతా గంటలు పూర్తి చేయించి రిజిస్టరులో ఎక్కించాలి. పైలట్ కూడా చదివి ఈఎంటీ అయ్యే దారి ఉండాలి.

మూడు, టెండరు ఎవరికి పోయినా సర్వీసు, గ్రాట్యుటీ తెగకూడదని ఒప్పందంలోనే రాయాలి. పన్నెండు గంటల డ్యూటీని ఎనిమిది గంటలకు తేవాలి. నిద్ర లేనివాడి చేతిలో మన ప్రాణం పెట్టకూడదు.

నాలుగు, ప్రతి రైతు సేవా కేంద్రం పరిధిలో ఇద్దరు యువకులకు, ఇద్దరు మహిళలకు ప్రథమ చికిత్స నేర్పి, కిట్టు ఇవ్వాలి. వాళ్ళకు తరువాత ఈఎంటీ శిక్షణలో సీట్లు కేటాయించాలి. మొదటి మెట్టు పల్లెలోనే ఉండాలి.

డబ్బు ఎక్కడిదని అడుగుతారు. బండ్లు కొనేటప్పుడు, జెండా ఊపేటప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగరు. బండికి పెట్టిన ఖర్చులో కొంత, బండిలో కూర్చునే మనిషి చదువుకు పెట్టమంటున్నాము.

108 ఉద్యోగులు చలో విజయవాడ అన్నప్పుడు అది వాళ్ళ గొడవ అని మనం ఊరుకుంటూ వచ్చాము. ఇకమీద వాళ్ళ ధర్నాలో పచ్చ కండువాలు కనపడాలి. వచ్చే నెల మండల కమిటీ సమావేశాలకు మీ మండలంలోని 108 సిబ్బందిని పిలవండి. ఛాతీ నొక్కడం, పాముకాటు కట్టు వేయడం ఒక పూట నేర్చుకోండి. తరువాత పైన చెప్పిన నాలుగు డిమాండ్ల మీద తీర్మానం రాసి, వాళ్ళూ మనమూ కలిసి సంతకాలు పెట్టి కలెక్టరుకు ఇద్దాం.