పాట లేని వేలం

ఇరాక్ సెంట్రల్ బ్యాంకు బాగ్దాద్‌లో డాలర్ల వేలం మొదలుపెట్టింది 2003 అక్టోబరు 4న. సద్దాం హుస్సేన్ ప్రభుత్వం కూలి అప్పటికి ఆరు నెలలు కూడా నిండలేదు. మరో పదకొండు రోజుల్లో కొత్త దినారు నోట్లు చలామణిలోకి రావాలి. పాత నోట్లలో దొంగ నోట్లు కలిసిపోయి జనానికి వాటిమీద నమ్మకం పోయింది. కొత్త నోటుకు పరువు దక్కాలంటే, దాన్ని పట్టుకొచ్చినవాడికి డాలరు దొరుకుతుందన్న భరోసా ఉండాలి. ఆ భరోసా కోసం పెట్టిన ఏర్పాటే ఈ వేలం. కొద్ది నెలల అవసరానికి పుట్టిన ఈ పద్ధతి ఇరవై ఏళ్లు దాటి నడిచింది.

ఇంతకీ అమ్మడానికి సెంట్రల్ బ్యాంకుకు డాలర్లు ఎక్కడివి? చమురువి. ప్రభుత్వ ఆదాయంలో తొంభై శాతం దాకా చమురు నుంచే వస్తుంది. ఇరాక్ చమురు కొనే దేశాల్లో చైనాతో పాటు భారత్ కూడా ముందువరసలో ఉంటుంది. మన రిఫైనరీలు కట్టే డాలర్లు బాగ్దాద్‌కు నేరుగా వెళ్లవు, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో ఇరాక్ పేరిట ఉన్న ఖాతాకు చేరతాయి. 2003 మే నెలలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి చేసిన 1483వ తీర్మానంతో వచ్చిన ఏర్పాటు ఇది. ఆ తర్వాత ఖాతా పేరు మారింది గాని చోటు మారలేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా కథంతా సులువుగా అర్థమవుతుంది.

ప్రభుత్వం జీతాలు, పింఛన్లు ఇవ్వాల్సింది దినార్లలో. కనుక ఆర్థిక శాఖ తన డాలర్లను సెంట్రల్ బ్యాంకుకు అమ్మి దినార్లు తీసుకుంటుంది. ఆ దినార్లు జీతాలుగా ఇళ్లకు, ఇళ్లనుంచి దుకాణాలకు వెళ్తాయి. దుకాణంలో ఉన్న బియ్యం, మందులు, ఫోన్లు, కార్లు, టైల్స్‌లో అధిక భాగం బయటి దేశాల సరుకు. కాబట్టి దుకాణదారుడి దినారు టోకు వర్తకుడికి, అతని నుంచి దిగుమతిదారుకు చేరి, డాలరు కోసం మళ్లీ సెంట్రల్ బ్యాంకు గడపే తొక్కుతుంది. బ్యాంకు వారం పాటు అమ్మకం ఆపితే దినార్లు బజారులో పేరుకుపోతాయి, డాలరు ధర ఎగబాకుతుంది, ఆ వెంటే బియ్యం ధర పెరుగుతుంది.

భారతదేశంలో పరిస్థితి వేరు. ఎగుమతిదారులు, ఐటీ కంపెనీలు, విదేశాల్లో ఉన్నవాళ్లు రోజూ డాలర్లు తెచ్చి బ్యాంకులకు అమ్ముతుంటారు. గుంటూరులోని తండ్రి అమెరికాలో చదివే కొడుక్కి ఫీజు కట్టాలంటే బ్యాంకులో ఏ2 ఫారం నింపి ఆ రోజు రేటుకు డాలర్లు పంపిస్తాడు. ఏడాదికి మనిషికి రెండున్నర లక్షల డాలర్ల దాకా అనుమతి ఉంది. రిజర్వ్ బ్యాంకు ఆ బజారులో పెద్ద చేయి, అంతేగాని ఏకైక అమ్మకందారు కాదు. ఇరాక్‌లో చమురు తప్ప చెప్పుకోదగ్గ ఎగుమతి లేదు, చమురేమో ప్రభుత్వానిది. దేశంలో డాలరు కావాల్సిన ప్రతివాడూ ఒకే గడప ముందు నిలబడాల్సిందే.

ఆ గడప దగ్గర అమ్మకం ఆదివారం నుంచి గురువారం దాకా, సెలవులు పోను, రోజూ సాగేది. ఒక్కరోజులో ఇరవై కోట్ల డాలర్లకు పైగా అమ్ముడైన రోజులు చాలానే ఉన్నాయి. అందులో సింహభాగం దిగుమతుల కోసం ఖాతాల ద్వారా పంపే డాలర్లు, మిగిలిన కొద్ది భాగం చేతికిచ్చే నోట్లు. ఆ నోట్లు న్యూయార్క్ నుంచి విమానాల్లో బాగ్దాద్‌కు వచ్చేవి. 2003, 2004 సంవత్సరాల్లో, అమెరికా పాలన ఉన్న రోజుల్లో, ఇలా దాదాపు 1,200 కోట్ల డాలర్ల నోట్లు విమానాలకెక్కాయి.

వేలం నడిచిన రోజుల్లో దిగుమతిదారు సెంట్రల్ బ్యాంకుకు నేరుగా వెళ్లడానికి ఉండేది కాదు. తన ఖాతా ఉన్న బ్యాంకులో సరుకు విలువకు సరిపడా దినార్లు జమ చేయాల్సి వచ్చేది. అమ్మేవాడిచ్చిన ఇన్వాయిస్, దిగుమతి లైసెన్సు, పన్ను బకాయి లేదన్న కాగితం చూపాల్సి ఉండేది. బ్యాంకు అలాంటి దరఖాస్తులన్నీ పోగుచేసి సెంట్రల్ బ్యాంకుకు పంపేది. అక్కడ ఆమోదం దొరికితే బ్యాంకు ఖాతాలోంచి దినార్లు కోసుకుని, విదేశంలో ఆ బ్యాంకుకున్న ఖాతాలో డాలర్లు వేసేవారు. సరుకు అమ్మిన దుబాయ్ వర్తకుడికో ముంబై వర్తకుడికో అక్కడినుంచి డబ్బు ముట్టేది. ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్) తెరిస్తే ఇంకా పకడ్బందీగా ఉంటుంది, ఓడ ఎక్కిన సరుకు కాగితాలు చూపితేగాని అమ్మకందారుకు పైకం రాదు. అయితే దానికి ఖర్చూ ఆలస్యమూ ఎక్కువ. చిన్న వర్తకులు అటువైపు చూసేవారు కాదు.

కుటుంబాలది నోట్ల దారి. వైద్యానికి, చదువుకు, యాత్రకు వెళ్లేవాళ్లు పాస్‌పోర్టు, వీసా, టికెట్టు పట్టుకుని బ్యాంకుకో లైసెన్సున్న ఎక్స్ఛేంజి కంపెనీకో వెళ్లాల్సి వచ్చేది. మనిషికి ఇంతని పరిమితి ఉంటుంది, ఆ పరిమితిని ఎన్నోసార్లు మార్చారు. హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రుల్లో అరబ్బీ దుబాసీల పక్కన కూర్చునే ఇరాకీ రోగులు, ఉస్మానియాలో చదువుకున్న ఇరాకీ విద్యార్థులు చాలామంది ఈ వరుసలో నిలబడి వచ్చినవాళ్లే. ప్రయాణికుల పేరిట డాలర్లు తీసుకుని బజారులో అమ్ముకునేవాళ్లు ఎక్కువవడంతో 2024లో నోట్ల పంపిణీని విమానాశ్రయ కౌంటర్లకు మార్చారు. విమానం ఎక్కబోతున్నవాడి చేతికే డాలరు.

ఇక ధర సంగతి. వేలమంటే పాట ఉండాలి. ఎవరు ఎక్కువ పాడితే వారికి సరుకు. తొలిరోజుల్లో బ్యాంకులు తమ ధర, తమకు కావాల్సిన మొత్తం రాసి ఇచ్చేవి. కొద్దికాలానికే ఆ పాట పేరుకు మిగిలింది, ధర చెప్పేది సెంట్రల్ బ్యాంకు, ఎంత కావాలో చెప్పేది బ్యాంకులు. 2006లో ద్రవ్యోల్బణం 50 శాతం దాటినప్పుడు, దిగుమతి సరుకు చౌకగా ఉండాలని, డాలరు ధరను దాదాపు 1,480 దినార్ల నుంచి మెట్లుమెట్లుగా 1,200 కిందికి దించారు. ఆ మందు పనిచేసిందనే చెప్పాలి. ఆ తర్వాత ఏళ్ల తరబడి 1,190 దగ్గరే నిలిపారు. 2020లో చమురు ధర కుప్పకూలి జీతాలకే కటకటైతే, ఆ డిసెంబరులో బ్యాంకులకు అమ్మే ధరను ఒక్కదెబ్బన 1,460కి పెంచారు. 2023 ఫిబ్రవరిలో మళ్లీ దించి, బ్యాంకులకు 1,310, జనానికి 1,320 అన్నారు. వీటిలో ఏ ఒక్కటీ పాటలో తేలిన ధర కాదు, అన్నీ ఉత్తర్వులే.

ధర ఉత్తర్వుతో నిలబడ్డప్పుడు, పోటీ ధర మీద జరగదు, అనుమతి మీద జరుగుతుంది. లక్ష డాలర్ల బియ్యం ఇన్వాయిస్‌ను లెక్కకు తీసుకోండి. 1,320 చొప్పున అది 13 కోట్ల 20 లక్షల దినార్లు. బయట డాలరు 1,500 పలుకుతున్న రోజున అవే లక్ష డాలర్లు 15 కోట్లు. బియ్యం తెప్పించకుండా ఇన్వాయిస్ మాత్రం పుట్టించి, వచ్చిన డాలర్లను తిరగేసి అమ్ముకుంటే కోటీ 80 లక్షల దినార్లు మిగులుతాయి. బయటి రేటులోనే 12 వేల డాలర్లు. ఓడ లేదు, గోదాము లేదు, కావాల్సింది ఒక కాగితమూ దాన్ని ఆమోదించే మనిషీ. ఇంత లాభం కళ్లెదుట ఉంటే దొంగ ఇన్వాయిస్‌లు పుట్టకపోవడమే వింత. డిపాజిట్లు సేకరించకుండా, అప్పులు ఇవ్వకుండా, ఈ అమ్మకంలో పాల్గొనడమే వ్యాపారంగా బతికిన ప్రైవేటు బ్యాంకులు బాగ్దాద్‌లో పుట్టుకొచ్చాయి. వాటిలో కొన్నింటి వెనుక రాజకీయ పార్టీల, సాయుధ ముఠాల మనుషులున్నారన్నది అక్కడ బహిరంగ రహస్యం. వేలంలో అక్రమాల ఆరోపణల మీదే 2012లో గవర్నర్ సినాన్ అల్ షబీబీని పదవి నుంచి తప్పించారు. సెంట్రల్ బ్యాంకు స్వతంత్రతను కాపాడబోయినందుకే ఆయన మీద వేటు పడిందని నమ్మేవాళ్లూ తక్కువేమీ కాదు. పార్లమెంటు ఆర్థిక కమిటీ అధ్యక్షుడిగా అహ్మద్ చలాబీ ఈ లావాదేవీల లెక్కలు తవ్వుతూ, 2015 నవంబరులో గుండెపోటుతో చనిపోయాడు.

గడియ బిగించింది చివరికి బాగ్దాద్ కాదు, న్యూయార్క్. డాలర్లు ఇరాన్, సిరియాలకు జారిపోతున్నాయని అమెరికా ఏళ్లుగా గునుస్తూ వచ్చింది. 2022 నవంబరు నుంచి ప్రతి పంపకమూ ఒక ఎలక్ట్రానిక్ ప్లాట్‌ఫామ్ మీద నమోదు కావాలని, పంపేదెవరో చివరికి అందుకునేదెవరో తెలియాలని ఫెడరల్ రిజర్వ్ షరతు పెట్టింది. తొలి వారాల్లో దరఖాస్తులు కుప్పలుగా తిరిగొచ్చాయి. అసలైన వర్తకుల దగ్గర కూడా అడిగినన్ని కాగితాలు లేవు, ఇరవై ఏళ్లుగా వాళ్లను ఎవరూ అన్ని అడిగి ఉండలేదు. వీధిలో డాలరు 1,600 దాటింది. 2023 జనవరిలో సెంట్రల్ బ్యాంకు ముందు జనం నిరసనకు దిగారు, గవర్నర్ మారాడు. ఆ జూలైలో 14 ఇరాకీ బ్యాంకులను డాలరు లావాదేవీల నుంచి అమెరికా వెలివేసింది, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఇంకో ఎనిమిదింటిని.

ఇంత బిగించినా బయటి బజారు చావలేదు, దానికి కారణం దొంగలొక్కరే కాదు. ఇరాన్ నుంచి కూరగాయలు, సిమెంటు, ఇంటి సామాన్లు తెచ్చే వర్తకుడికి ఆంక్షల వల్ల బ్యాంకు ద్వారా డాలరు రాదు. సరుకు మాత్రం సరిహద్దు దాటి రోజూ వస్తూనే ఉంటుంది. అతనికి దిక్కు బాగ్దాద్‌లోని అల్ కిఫా ఎక్స్ఛేంజి బజారే. అక్కడ ధర వంద డాలర్ల లెక్కన చెబుతారు, ఒకరోజు లక్షా నలభై ఎనిమిది వేలు, మరోరోజు లక్షా యాభై వేలు అన్నట్టు. దేశమంతా చిల్లర దుకాణాలు సరుకు ధర రాసేది ఆ అంకె చూసే. సెంట్రల్ బ్యాంకు ప్రకటించే అంకెను చూసి రాసేవాళ్లు అరుదు.

ఈ రెండు ధరల తేడా భారం మోసేది కాగితాలూ పరిచయాలూ లేనివాళ్లు. తల్లి ఆపరేషన్‌కు హైదరాబాద్ బయల్దేరే కుటుంబానికి ఐదు వేల డాలర్లు కావాలనుకుందాం. ప్రకటించిన రేటుకైతే 66 లక్షల దినార్లు, కిఫా రేటు 1,500 ఉన్న రోజున 75 లక్షలు. తేడా తొమ్మిది లక్షలు, చాలామంది ఉద్యోగులకు అది నెల జీతం. పరిమితి మేరకు దొరికింది తీసుకుని మిగతాది బయట కొంటారు. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి ఇరాక్‌లోని ఎర్బిల్ వెళ్లి పనిచేసే తెలంగాణ కూలీలదీ ఇదే అవస్థ. కూలి దినార్లలో ముట్టిందంటే, ఇంటికి పంపే రూపాయలు వీధి రేటు మీదనే తేలతాయి.

ఉత్తర్వు ధరకు బదులు నిజంగా పాట పాడించిన దేశాలూ ఉన్నాయి. జాంబియా 1985 అక్టోబరులో వారం వారం వేలం పెట్టింది. డాలరుకు 2.2 క్వాచాలున్న ధర మొదటి పాటలోనే 5కు వెళ్లింది, ఏడాదిన్నరలో 20 దాటింది. ఆ మంట భరించలేక 1987 మేలో అధ్యక్షుడు కౌండా వేలం ఎత్తేసి 8 క్వాచాల ధర కట్టాడు. జింబాబ్వేలో 2020 జూన్ 23న మొదటి పాట జరిగింది, అంతవరకు 25 ఉన్న ధర 57కు పైగా తేలింది. ప్రతి మంగళవారం పెద్ద కంపెనీలకు ఒక వేలం, చిన్న వ్యాపారాలకు మరొకటి. ముడిసరుకు, మందులు తెచ్చేవాళ్లకు ముందు వరస. మొదట్లో సజావుగానే నడిచింది. తర్వాత ధర పెరగడం ప్రభుత్వానికి రుచించలేదు, పాట పేరుకు మిగిలింది. గెలిచినవాళ్లు డాలర్ల కోసం వారాల తరబడి ఎదురుచూశారు. 2024 ఏప్రిల్‌లో కరెన్సీనే మార్చేశారు.

వేలం పద్ధతి చెడ్డదని దీన్నిబట్టి అనడానికి లేదు. పాటలో తేలిన ధరను పాలకులు ఒప్పుకున్నంతకాలం అది పనిచేసింది, ఒప్పుకోని రోజు నుంచి వరుస మొదలైంది. ఇరాక్ పాలకులు ఆ ధరను ఒప్పుకోవడానికి ఎన్నడూ సిద్ధపడలేదు. చౌక డాలరు వల్ల బియ్యం, మందులు చౌకగా దొరికాయన్నది నిజం. కానీ ఆ రాయితీలో ఎంత జనానికి చేరిందో, ఎంత మధ్యవాళ్ల జేబుల్లో మిగిలిందో తేల్చే లెక్క మాత్రం ఏ ప్రభుత్వమూ జనం ముందు పెట్టలేదు.

ఇరాక్‌లో ఫెడరల్ రిజర్వ్ షరతుతో వచ్చిన ఎలక్ట్రానిక్ ప్లాట్‌ఫామ్‌ను 2024 డిసెంబరుతో మూసేశారు, దాంతో వేలమూ ముగిసింది. ఇప్పుడు బ్యాంకులు విదేశీ బ్యాంకులతో నేరుగా ఖాతాలు పెట్టుకుని సొమ్ము పంపాలి. డాలరుతో పాటు యువాన్, యూరో, దిర్హామ్, భారత రూపాయిల్లోనూ చెల్లించే వీలు కల్పించారు. బాస్మతి తెప్పించే వర్తకుడికి ఇది మేలే. ఇరాన్ సరుకు తెచ్చేవాడికి మాత్రం ఇందులో చోటు లేదు, అతను ఇంకా అల్ కిఫాలోనే కొంటున్నాడు. అందుకే, వేలం మూతపడిన తర్వాతి ఏడాదిలోనూ బయటి డాలరు 1,320కి దిగిరాలేదు.